మూడో తెప్ప

నాకు సముద్రం పడదు.
గలీసియాలోనే, కానీ కొండల లోపల పుట్టినదాన్ని;
అలల మీద చూపు నిలిపితే కడుపులో తిప్పుతుంది.
అందుకే కాబోలు సముద్రాన్ని నాకు
సంచుల్లో తెచ్చి ఇస్తారు,
మంచుగడ్డల మధ్య, చీటీ కట్టి.
ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతున, ఎవరు.

ఆ మంగళవారం రెండు సంచులు.
ఒకటి ఎరుందీనాది:
ఆటు వేళ మోకాళ్ళ దాకా దిగి
రాతిని గోకి తీసిన, ఎవరూ పెంచని ఆల్చిప్పలు,
పొట్టివి, గరుకువి, నెత్తిన నాచు జుట్టుతో.
రెండోది ఆమె చెల్లెలి కొడుకు బ్రెయ్షోది:
యూకలిప్టస్ దుంగల తెప్ప కింద
తాళ్ళకు వేలాడి పెరిగినవి,
నున్నగా, నల్లగా,
పెళ్ళికొడుకు బూట్లలా.

బజారులో ఆమె బకెట్టుకి సగం ధరే.
"ఆ రాళ్ళ దగ్గర ఏముందో ఎవరికెరుక పెద్దమ్మా"
బేరానికి ముందే ముక్కు చిట్లిస్తారు.
తెప్ప సరుక్కి ముద్ర ఉంది, పెట్టె ఉంది, రసీదు ఉంది.
రాతికి రసీదు ఎవరిస్తారు?

ఆల్చిప్ప చేసే పని ఒకటే,
తాగడం, వదలడం.
గంటకి చెంబుల కొద్దీ నీళ్ళు
దాని ఒంట్లోంచి వడగట్టుకుపోతాయి.
నీళ్ళు వెళ్తాయి గానీ
నీళ్ళు మోసుకొచ్చినవన్నీ వెళ్ళవు.
సీసం ఉండిపోతుంది, కాడ్మియం ఉండిపోతుంది,
చుట్టంచూపుగా వచ్చి
వంటింటి గూట్లో తన గిన్నె పెట్టుకున్నవాడిలా.

నేను చేసేదీ పెద్ద పనేం కాదు.
కండ ఒలుస్తాను, తూస్తాను,
ఆరబెట్టి పొడి కొడతాను,
ఆమ్లంలో కరిగిస్తాను.
చివరికి లేత పసుపు నీళ్ళు.
అందులో ఎరుందీనా లేదు, బ్రెయ్షో లేడు,
నీచు వాసన కూడా లేదు.
యంత్రం ఆ చుక్కను
సూర్యుడి ఒంటికన్నా వేడిగా మండించి
కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క చెబుతుంది.
సీసం ఒకటిన్నర దాటిందా, ఇక అమ్మకూడదు.

దాపరికం ఎందుకు,
జవాబు ముందే రాసేసుకున్నాను మనసులో.

రాతిది: సున్నా పాయింట్ నాలుగు.
తెప్పది: రెండు పాయింట్ ఒకటి.

చీటీలు తారుమారయ్యాయేమో అనుకున్నాను.
కొత్త గాజు, కొత్త ఆమ్లం, మళ్ళీ మొదటినుంచి.
రెండు పాయింట్ ఒకటి.
మూడోసారి
రెండు పాయింట్ రెండు.

అప్పుడు చదివాను చీటీని, సరిగ్గా:
మూడో తెప్ప. పాత పడవల కార్ఖానా ఎదుట.
ముప్పై ఏళ్ళు అక్కడ
ఓడల పొట్టలు గీకి ఎర్ర రంగు పూశారట.
కార్ఖానా మూతపడింది.
రంగు మాత్రం అడుగు బురదలో పడుకుని
తుఫాను వచ్చినప్పుడల్లా లేచి కూర్చుంటుంది.

కాగితం కోసం ఇద్దరూ వచ్చారు.
బ్రెయ్షో చదివాడు, మడిచాడు, విప్పి మళ్ళీ చదివాడు.
టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.
ఎరుందీనా కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చింది;
నేనే చదివి వినిపించాను.
ఇన్నేళ్ళ సగం ధరకి
ఇవాళ బదులు దొరికిందని నవ్వుతుందనుకున్నా.
"ఇంట్లోకి ఏ తెప్పవి తీసుకెళ్తావురా?" అంది.
అతను నేలను చూశాడు.
"మూడోవే. అవే కండగా ఉంటాయి."

కాసేపు ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడింది.
ఆమె తన బకెట్టు కాలితో అతని వైపు జరిపింది.
అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది.
"సగం ఇవ్వు చాలు," అంది, "బజారు ధర."

తెప్పను ఉప్పుటేరు నోటి దగ్గరికి లాగారు.
నెలకో సంచీ వస్తోంది.
ఒకటి పాయింట్ తొమ్మిది.
ఒకటి పాయింట్ ఏడు. ఒక నెల మళ్ళీ ఎనిమిది.
ఆల్చిప్ప అప్పు తీరుస్తుంది గానీ
చిల్లరతో తీరుస్తుంది.

ఇవాళ ఒకటి పాయింట్ నాలుగు.
రూలు ప్రకారం అమ్మొచ్చు, తినొచ్చు.
చీటీ వెనక పెన్సిలుతో, వంకరటింకర అక్షరాల్లో,
బ్రెయ్షోది కాని చేతిరాత:
"పిల్లలకి కూడానా?"

ముద్రకి సిరా అద్ది
గాల్లో అలాగే పట్టుకున్నాను.